ప్రయోజనం నెరవేరిన వారి జాబితా

గరుడవలస ప్రభుత్వ డిగ్రీ కళాశాల రికార్డు గదిలోంచి ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క కాగితం కూడా పోలేదని రికార్డు అసిస్టెంటు గౌరీశ్వరరావుకి కొంచెం గర్వం. ఈలోగా ప్రిన్సిపాళ్ళు పదకొండు మంది మారారు. పైకప్పు రెండుసార్లు కారింది. ఓసారి తుపానుకి గదిలోకి మోకాలి లోతు నీళ్ళు వస్తే, ఆయన ఫైళ్ళన్నీ రిక్షాల మీద ఇంటికి చేరవేసి, పెరట్లో దండేలు కట్టి కాగితాలు బట్టల్లా ఆరేసి, వరస తప్పకుండా మళ్ళీ కుట్టి పట్టుకొచ్చాడు. ఇందులో పనికొచ్చే కాగితమేది, పనికిరానిదేది అని ఆయన ఏనాడూ అడగలేదు. అడగమని ఆయనకెవరూ చెప్పలేదు కూడా.

గదిలో పదకొండు వేల నాలుగు వందల ఇరవై ఆరు మంది విద్యార్థుల ఫైళ్ళున్నాయి. కాలేజీలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని రసీదు ఇవ్వడం, చదువు అయిపోయాక రసీదు చూసి తిరిగి ఇచ్చేయడం ఆనవాయితీ. అయిపోయాక చాలామంది రారు. ఇంట్లో పెడితే చెదలు పడతాయి, పిల్లలు చింపేస్తారు, గాలివానకి ఎగిరిపోతాయి, కాలేజీ అయితే ఎక్కడికి పోతుంది, అవసరమైనప్పుడు తెచ్చుకుందాంలే అనుకుంటారు. వాళ్ళ నమ్మకాన్ని గౌరీశ్వరరావు ఇన్నేళ్ళూ నెత్తిన పెట్టుకుని మోశాడు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు.

సరిగ్గా అప్పుడే, జులైలో, రాజధాని నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. పథకం పేరు ‘రికార్డు రహిత ప్రాంగణం’. ఆ ఏడాది పై అధికారులందరికీ రహితం మీద మోజు పుట్టింది. అంతకు ముందు నెలలోనే ‘సుద్దముక్క రహిత తరగతి’ వచ్చి వెళ్ళింది. ఈ సర్క్యులర్‌లో మూడో పేరా ఇలా ఉంది:

“ఏ విద్య నిమిత్తము విద్యార్థి రికార్డు ఏర్పడినదో, ఆ విద్య వలన సదరు విద్యార్థికి జీవితమున ప్రయోజనము నెరవేరినదని నిర్ధారించుకొనిన పిమ్మట మాత్రమే రికార్డును ధ్వంసము చేయవలెను. ప్రయోజనము నెరవేరనిచో, నెరవేరువరకు భద్రపరచవలెను. పాక్షికముగా నెరవేరినచో, తదనుగుణముగా వ్యవహరించవలెను. ధ్వంసము చేయుటకు తప్ప మరే కారణము చేతను రికార్డును గది దాటించరాదు.”

మిగతా కాలేజీల వాళ్ళు దీన్ని చదివి, ఫైల్లో పెట్టి, టీ తాగారు. గరుడవలసకి ఆ అదృష్టం లేదు. డిసెంబరులో తనిఖీ బృందం రాబోతోంది. పైగా ప్రిన్సిపాల్ డాక్టర్ త్రినాథరావు ఏ సర్క్యులర్నైనా చివరి అక్షరం దాకా చదివి, అమలు చేసే దాకా అన్నం సహించని మనిషి. ఆ మధ్యాహ్నమే స్టాఫ్ మీటింగ్ పెట్టాడు.

“మిత్రులారా, ఇది సామాన్యమైన సర్క్యులర్ కాదు. సంస్థ స్థాపన మొదలు నేటి వరకు ఉత్తీర్ణులైన, అనుత్తీర్ణులైన యావన్మంది విద్యార్థుల జీవిత ప్రయోజనాన్ని సెప్టెంబరు మాసాంతానికి నిర్ధారించవలసిన గురుతర బాధ్యత మన భుజస్కంధాలపై మోపబడింది” అన్నాడు.

“పదకొండు వేల మంది జీవితాలు సార్! ఎలా నిర్ధారిస్తాం?” అంది లెక్కల మేడం.

“ప్రొఫార్మా ద్వారా” అన్నాడు ప్రిన్సిపాల్.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ప్రొఫార్మా ఉందంటే పని సగమైనట్టే. అప్పుడు వెనక బెంచీలోంచి తత్వశాస్త్రం లెక్చరర్ శరభయ్య లేచాడు. ఆయన సబ్జెక్టులో పదకొండేళ్ళుగా ఒక్క విద్యార్థీ చేరలేదు. అయినా ఆయన రోజూ బెల్లు కొట్టగానే ఖాళీ క్లాసుకి వెళ్ళి, హాజరు పట్టీలో సున్నా వేసి, గంటసేపు కూర్చుని వస్తాడు. అంత నిజాయితీపరుడు.

“తక్షణ ప్రయోజనమా, పరమ ప్రయోజనమా అన్నది ముందు తేలాలి” అన్నాడు శరభయ్య. కాలేజీకి తన అవసరం పడటం పదకొండేళ్ళలో ఇదే మొదలు.

ప్రిన్సిపాల్ అక్కడికక్కడే ‘ప్రయోజన నిర్ధారణ కమిటీ’ వేసి, శరభయ్యని కన్వీనర్ చేశాడు. తను అధ్యక్షుడయ్యాడు. చాకిరీ గౌరీశ్వరరావుది.

ప్రొఫార్మాలో తొమ్మిది గడులు. తొమ్మిదోది అసలైనది: “మీరు ఈ కళాశాలలో అభ్యసించిన విద్య మీ జీవితంలో ఎంత శాతం ప్రయోజనపడినది? ఆధారములు జతపరచుము.” గౌరీశ్వరరావు మూడు వారాలు కూర్చుని, పాత దరఖాస్తుల్లోని అడ్రసులు చూసి, పదకొండు వేల పైచిలుకు కవర్ల మీద పేర్లు రాశాడు. పోస్టాఫీసు వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

ఆగస్టులో జవాబులు రాసాగాయి. బి.ఏ. చదివిన ఒక ఆటో డ్రైవరు, రాజనీతి శాస్త్రం పుణ్యమా అని ప్రయాణికులతో వాదనలో ఇంతవరకు ఓడిపోలేదు కాబట్టి నలభై శాతం అని రాశాడు. ఒక రొయ్యల రైతు, జువాలజీ వల్ల తన చెరువులో రొయ్యలు ఏ జబ్బుతో చచ్చిపోయాయో స్పష్టంగా తెలిసిందనీ, అయితే చచ్చిపోయాకే తెలిసిందనీ, కనుక యాభై అనీ రాశాడు. ఒకాయన “సెకండియర్‌లో మా ఆవిడ పరిచయమైంది. నూరు శాతం” అని రాశాడు. ఆమె కూడా పాత విద్యార్థే. అదే అడ్రసు నుంచి మర్నాడు ఆమె జవాబు వచ్చింది. సున్నా. కమిటీ ఈ దంపతుల ఫైళ్ళ మీద ఒక పూట చర్చించి, ఆయనది ధ్వంసం చేయాలనీ, ఆమెది భద్రపరచాలనీ తీర్మానించింది.

ఊళ్ళో ఒక నాయకుడున్నాడు. ఫ్లెక్సీల మీద పేరు పక్కన బి.ఏ. అని వేయించుకుంటాడు. ఆయన ఫైల్లో మూడు పేపర్లు తప్పిన సంగతి గౌరీశ్వరరావుకి తెలుసు. ఆయన పోస్టుని నమ్ముకోకుండా కారులో స్వయంగా వచ్చి, నూట పది శాతం నెరవేరింది, ఈ రోజే తగలబెట్టండి అన్నాడు. కమిటీ నూటికి పరిమితం చేసి ఆమోదించింది. ప్రయోజనం నెరవేరిందన్నవాళ్ళని ఎవరూ ఆధారాలు అడగలేదు. గది ఖాళీ అవుతోంది కదా. నెరవేరలేదన్నవాళ్ళని మాత్రం, ఎందుకు నెరవేరలేదో రుజువు చేయమని పిలిపించారు.

అసలు తంటా పాక్షికం దగ్గర వచ్చింది. సర్క్యులర్ తదనుగుణంగా వ్యవహరించమంది. నలభై శాతం నెరవేరితే నలభై శాతం ధ్వంసం చేయడమే తదనుగుణమని శరభయ్య తర్కబద్ధంగా తేల్చాడు. మొదటి పేజీ నుంచి లెక్క. గౌరీశ్వరరావు స్కేలు పెట్టి కొలిచి, గీత గీసి, కత్తిరించాల్సి వచ్చింది. ఆటో డ్రైవరు ఫైల్లో గీత సరిగ్గా ఫోటో మీదకి వచ్చి, ముక్కు దాకా పోయి గడ్డం మిగిలింది. ఆ రోజు గౌరీశ్వరరావు అన్నం తినలేకపోయాడు. తుపాను నుంచి కాపాడిన కాగితాలవి. దండెం మీద ఆరేసిన కాగితాలవి.

సెప్టెంబరు రెండో తారీఖున దమయంతి వచ్చింది. ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి. ఊరి చివర జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. జీడి అంటి వేళ్ళ చివర్లు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. ఆ వేళ్ళతో ఒక ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఇంకో కవరు తీసి, అందులోంచి రసీదు తీసింది.

“సార్, నా ఒరిజినల్స్ ఇక్కడే ఉండిపోయినాయి. బీఎస్సీ బోటనీ. గురుకులం స్కూల్లో ల్యాబ్ అసిస్టెంటుకి సెలక్టయినాను. ఇరవై నాలుగో తారీఖున ఒరిజినల్స్ చూపించాలంట.”

“మంచి మాట చెప్పినావమ్మా” అన్నాడు గౌరీశ్వరరావు. లేచి బీరువా దాకా వెళ్ళి, తెరవకుండానే తిరిగొచ్చాడు.

“ఏటి సార్, పోనాయా?”

“ఎక్కడికి పోతాయి? నాలుగో బీరువా, రెండో అర. పద్నాలుగు కాగితాలు. కళ్ళు మూసుకుని తీసిస్తాను. గానీ ఇప్పుడు తియ్యకూడదమ్మా. నీ చదువు నీకు పనికొచ్చిందా లేదా అన్నది తేలాలంట.”

దమయంతి ఆయన మొహంలోకి చూసింది. హాస్యమాడుతున్నాడేమో అనుకుంది. ఆయన మొహంలో హాస్యం లేదు.

“ఇదే ఆఖరు సార్. వచ్చే ఏటికి వయసు దాటిపోద్ది. పదిహేడేళ్ళ బట్టీ పరీక్షలు రాస్తన్నాను. పొద్దున పిక్కలు కొట్టి, మధ్యాన్నం చదివి. ఇన్నాళ్ళకి పేరొచ్చింది” అంది.

గౌరీశ్వరరావు ఆమెని పన్నెండో తారీఖు విచారణకి పెట్టించాడు. అంతకు ముందు ఖాళీ లేదు.

విచారణ ప్రిన్సిపాల్ గదిలో జరిగింది. శరభయ్య మూడు రంగుల కలాలతో సిద్ధంగా ఉన్నాడు. గౌరీశ్వరరావు ఫైలు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

“అమ్మా, మీరు వృక్షశాస్త్రం చదివారు. జీడిమామిడి వృక్షమే కదా?” అని మొదలెట్టాడు శరభయ్య.

“చెట్టే సార్.”

“దాని విత్తనంతోనే మీరు ప్రతిదినం వ్యవహరిస్తున్నారు.”

“కొడతాను సార్. దానికి బోటనీ అక్కర్లేదు. నా పక్కన కూకునే ఆవిడ బడికే ఎల్లలేదు. నాకన్నా జోరుగా కొడతాది.”

“కానీ ఆమెకి ఆ వృక్షం శాస్త్రీయ నామం తెలియదు. మీకు తెలుసా?”

“తెలుసు సార్” అంది దమయంతి, పరీక్ష హాల్లో ఉన్నట్టు నిటారుగా కూర్చుని. చెప్పింది కూడా.

శరభయ్య సంతోషించి ఆకుపచ్చ కలంతో ‘పన్నెండు శాతం’ అని రాశాడు. “గౌరీశ్వరరావుగారూ, పద్నాలుగు పేజీలకి పన్నెండు శాతం ఎంతవుతుంది?”

“ఒక పేజీ, పైన ముప్పాతికకి కొంచెం తక్కువ సార్. మొదటిది డిగ్రీ సర్టిఫికెట్టు” అన్నాడు గౌరీశ్వరరావు. ఆ మాట ఆయన కావాలనే గట్టిగా అన్నాడు.

దమయంతికి అర్థమైంది. “లేదు సార్, నాకు తెలీదు. మర్చిపోయినాను. ఇందాక ఏదో నోటికొచ్చింది చెప్పినాను” అంది గాభరాగా.

శరభయ్య బాధపడుతూ పన్నెండు కొట్టేసి, ఎర్ర కలంతో సున్నా వేశాడు. ప్రిన్సిపాల్ తీర్పు చదివాడు. “ప్రయోజనం ఏ మాత్రమూ నెరవేరలేదని తేలినందున, సదరు రికార్డును నెరవేరే వరకు భద్రపరచవలసిందిగా ఆదేశించడమైనది.”

“మరి నాకెప్పుడిస్తారు సార్?”

“ముందు ప్రయోజనం నెరవేరాలి కదమ్మా.”

“ఉద్యోగమొస్తే నెరవేరినట్టే కద సార్?”

“నిస్సందేహంగా.”

“ఈ కాగితాలు చూపిస్తేనే ఉద్యోగమిస్తామంటన్నారు.”

“అది ఆ శాఖ వారి నిబంధన. అందులో మనం జోక్యం చేసుకోజాలం.”

“పోనీ, ఎలాగో ఉద్యోగమొచ్చిందనుకోండి. అప్పుడైనా ఇస్తారా?”

“అప్పుడు ధ్వంసం చేస్తాం” అన్నాడు ప్రిన్సిపాల్, ఇంత చిన్న విషయం అర్థం కాదేమిటన్నట్టు.

శరభయ్య కళ్ళు మూసుకుని “ఎంత చక్కని ప్రశ్న! ఎంత చక్కని ప్రశ్న!” అని తనలో తను అనుకుంటున్నాడు. దమయంతి ఏడవలేదు. నమస్కారం పెట్టి, బయటికొచ్చి, వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. గౌరీశ్వరరావు వెనకే వచ్చాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తను కాపాడింది ఈ గదినా, ఈ మనుషులనా అన్న సందేహం ఆయనకి మొదటిసారి వచ్చింది. వచ్చిన సందేహం పోలేదు. రెండు రోజులు ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

మూడో రోజు ఆయనే సైకిలు తొక్కుకుంటూ జీడి ఫ్యాక్టరీకి వెళ్ళాడు. గేటు దగ్గర దమయంతి చేతిలో కొత్త ప్రొఫార్మా పెట్టాడు.

“సవరణకి ఎల్లుండి దాకా గడువుందమ్మా. తొమ్మిదో గడిలో నూరు శాతం నెరవేరిందని రాయి.”

“నూరని రాస్తే తగలెట్టేస్తారు కద సార్!”

“తగలెడతారు.”

“మరి?”

“మన కాలేజీ గుమ్మం దాటాలంటే కాగితానికి అదొక్కటే దారమ్మా. నువ్వు రాయి. మిగతాది నాకొదిలేయి. ఎలగని మాత్రం అడక్కు” అన్నాడు.

ఆమె ప్రొఫార్మాని గేటు దిమ్మ మీద పరిచింది. పరీక్ష రాసినట్టే జాగ్రత్తగా, గుండ్రంగా, నూరు అని రాసి ఇచ్చింది.

ధ్వంసం చేసే పద్ధతి ఇది. ఫైలు అట్ట మీద నంబరు, పేరు, పేజీల సంఖ్య ఉంటాయి. శరభయ్య పేజీలు లెక్కపెడతాడు. సంఖ్య సరిపోతే చాలు. లోపల ఏముందో చదవడు. చదివితే ప్రయోజనం ఇంకా మిగిలి ఉందన్న అర్థం వస్తుందని ఆయన వాదన. కాబట్టి గౌరీశ్వరరావుకి కావలసింది పద్నాలుగు కాగితాలు. తెల్లకాగితాలు పెడితే అంచులు చూడగానే తెలిసిపోతుంది. పాతబడి పసుపెక్కిన ఫైలే కావాలి. పద్నాలుగు పేజీల ఫైళ్ళు ఆ గదిలో వెయ్యికి తక్కువ ఉండవు. ఆయన ఒక్కొక్కటీ తీసి చూశాడు. ఒకటి ఎవరో తాపీమేస్త్రీ కొడుకుది. ఒకటి పోయిన ఏడు సైన్యంలో చేరిన కుర్రాడిది. ఒకటి రెండుసార్లు తప్పి మూడోసారి పాసైన పిల్లది. ప్రతిదీ ఎవరో ఒకరిది. ఎప్పుడో ఒకప్పుడు రసీదు పట్టుకుని వస్తారు. వాళ్ళ ఒప్పుకోలు లేకుండా ముట్టుకునే హక్కు తనకి లేదు.

అప్పుడాయనకి తన ఫైలు గుర్తొచ్చింది. ఆయనా ఈ కాలేజీ విద్యార్థే. బి.ఏ., మూడో తరగతి. పరీక్షలు రాసిన ఏడాదే ఇక్కడే అటెండరుగా చేరి, కొన్నేళ్ళకి రికార్డు గదికి వచ్చాడు కాబట్టి, ఒరిజినల్స్ ఇంటికి పట్టుకుపోవాలని తోచనే లేదు. వచ్చిన ప్రొఫార్మా కూడా నింపకుండా సొరుగులో పడేశాడు. నింపడానికి ఏమీ తోచలేదు. ఫైలు తీసి లెక్కపెట్టాడు. పన్నెండు కాగితాలు. నాటకాల పోటీలో వచ్చిన యోగ్యతాపత్రం, పదో తరగతిలో హెడ్మాస్టరు రాసిచ్చిన సత్ప్రవర్తన పత్రం ఇంట్లో ఫ్రేములు కట్టి ఉన్నాయి. మర్నాడు రెండూ ఫ్రేముల్లోంచి ఊడదీసి తెచ్చాడు. పద్నాలుగయ్యాయి.

సెప్టెంబరు ఇరవైన, పొద్దున పదింటికి, బోటనీ తోట వెనక ఇటుకలు పేర్చి మంట వేశారు. తోటలో బతికున్న మొక్కలన్నిటికీ బోర్డులు పెట్టారు. బతికి లేని వాటికీ పెట్టారు. ప్రిన్సిపాల్ కొత్త చొక్కా వేసుకుని మాట్లాడాడు.

“ఈ అగ్ని వినాశకర అగ్ని కాదు. సాఫల్యాగ్ని! ఈ రోజు మనం కాగితాలను కాక, కృతార్థతను ప్రజ్వలింపజేస్తున్నాం.”

పేరు చదవడం, పేజీలు లెక్కపెట్టడం, మంటలో వేయడం. దమయంతి పేరు మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చింది. శరభయ్య వేలు తడి చేసుకుని పద్నాలుగూ లెక్కపెట్టి, సరే అన్నాడు. గౌరీశ్వరరావు తన చేతులతోనే మంటలో వేశాడు. సత్ప్రవర్తన పత్రం ముందు ముడుచుకుంది. అప్పుడు ఆయనకి నిజంగానే దుఃఖమొచ్చింది. పొగ కళ్ళల్లోకి పోయిందని అందరూ అనుకున్నారు. ఫోటో తీసి పోర్టల్‌లో పెట్టారు. పంచనామా మీద ఐదుగురు సంతకాలు చేశారు.

సాయంత్రం నాలుగింటికి, బస్టాండులో, నలుగురూ చూస్తుండగానే, గౌరీశ్వరరావు దమయంతికి ఒక కవరు ఇచ్చాడు. ఆమె తెరిచి చూసి, ఆయన కాళ్ళకి దండం పెట్టబోయింది. ఆయన వెనక్కి తగ్గి “రసీదు ఇచ్చేయమ్మా” అన్నాడు. అలవాటు.

ఇరవై నాలుగున దమయంతి ఒరిజినల్స్ చూపించి వచ్చింది. అక్కడితో అయిపోతే బాగుండేది. అయితే సర్టిఫికెట్లు చూసిన శాఖ వారు, అవి అసలువో నకిలీవో వాటిని ఇచ్చిన సంస్థనే ఉత్తరం రాసి అడుగుతారు. ఆ ఉత్తరం అక్టోబరు ఐదున వచ్చింది. ఏడు రోజుల్లో జవాబు రాకపోతే ఎంపిక రద్దు. నకిలీ అని జవాబొస్తే పోలీసు కేసు.

ప్రిన్సిపాల్ ఉత్తరం చదివి అదిరిపడ్డాడు. పంచనామా తెప్పించి రెండూ పక్కపక్కన పెట్టాడు. తర్వాత తనే కూర్చుని జవాబు రాశాడు. “సదరు అభ్యర్థిని ఒరిజినల్ సర్టిఫికెట్లు సెప్టెంబరు ఇరవైన కమిటీ సమక్షంలో దగ్ధం చేయబడినవి. ఛాయాచిత్రం పోర్టల్‌లో కలదు. కావున ప్రస్తుతం ఆమె వద్ద ఉన్నవి అవి కాజాలవు.” దాన్ని ఫెయిర్ చేయమని గౌరీశ్వరరావుకి ఇచ్చాడు.

గౌరీశ్వరరావు కాగితం తీసుకోలేదు.

“ఆమెవి అసలువే సార్. నేనే ఇచ్చాను.”



“అయితే మేం కాల్చిందేమిటి?” అన్నాడు శరభయ్య.

“నావి సార్. బీఏ. పద్నాలుగు పేజీలే.”

ప్రిన్సిపాల్ లేచి నిలబడ్డాడు. “మీరేం చేశారో మీకు తెలుస్తోందా? పంచనామా మీద ఐదు సంతకాలున్నాయి. అందులో మొదటిది నాది! అది అబద్ధమైతే సస్పెన్షన్. మీరు వచ్చే నెల రిటైరవుతున్నారు, ఆ పెన్షన్ కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి. నోరు మూసుకుని ఇది ఫెయిర్ చెయ్యండి. ఆమె కర్మ ఆమెది.”

గౌరీశ్వరరావుకి భయం వేసింది. వేయలేదంటే అబద్ధం. ఇంట్లో భార్య మొహం కళ్ళ ముందు మెదిలింది. ఆ వెంటనే స్తంభానికి ఆనుకుని నిలబడ్డ మనిషీ, నల్లబడ్డ వేళ్ళతో గుండ్రంగా రాసిన నూరూ మెదిలాయి.

“ఆ జవాబు నేను రాయను సార్. ఎవరు రాసినా, నేను వేరే ఉత్తరం రాసి జరిగింది చెప్తాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు రికార్డు గది కాసింది ఆమెని దొంగని చెయ్యడానికి కాదు.”

అంత పెద్ద మాట ఆయన నోట్లోంచి ఎప్పుడూ రాలేదు. అప్పుడు శరభయ్య మెల్లగా దగ్గాడు.

“అధ్యక్షా, పంచనామా పూర్తిగా అబద్ధం కాదు. పద్నాలుగు పేజీల విద్యార్థి రికార్డు దగ్ధమైన మాట నిజం. విద్యార్థి పేరులో మాత్రం లేఖక దోషం దొర్లింది. సవరించవచ్చు. అయితే ఆ రెండో విద్యార్థి, తన ప్రయోజనం నూరు శాతం నెరవేరిందని డిక్లరేషన్ ఇవ్వాలి. ఆయన ప్రొఫార్మా ఇంకా అందలేదు.”

ప్రిన్సిపాల్ మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. “ఇవ్వండి, ఇప్పుడే ఇవ్వండి” అని తన కలం అందించాడు.

గౌరీశ్వరరావు సొరుగులోంచి ప్రొఫార్మా తెచ్చి, ప్రిన్సిపాల్ బల్ల మీదే పెట్టుకుని నింపాడు. ఎనిమిది గడులు ఇట్టే అయిపోయాయి. తొమ్మిదో గడి దగ్గర కొంచెంసేపు ఆగాడు. తర్వాత నూరు అని వేసి, పక్కన “ఒకరి సర్టిఫికెట్లు వారికి అందినవి” అని రాసి, ఆధారంగా శాఖ వారి ఉత్తరం నకలు జతచేశాడు.

శరభయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. “ఆధారం జతచేసిన నూరు శాతం ఇదొక్కటే” అన్నాడు. ప్రిన్సిపాల్ చదవలేదు. సంతకం చేసే తొందరలో ఉన్నాడు. పంచనామా సవరణ మీద ఒకటి, దమయంతి సర్టిఫికెట్లు అసలువేనన్న జవాబు మీద ఒకటి, రెండు సంతకాలూ ఒకే ఊపులో చేసేశాడు. గౌరీశ్వరరావు ఆ జవాబు ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే పోస్టాఫీసుకి నడిచి వెళ్ళి రిజిస్టరు చేశాడు.

నెలాఖరుకి దమయంతి ఉద్యోగంలో చేరింది. నవంబరులో, తన ఆఖరి వారంలో, గౌరీశ్వరరావు రాజధానికి పంపాల్సిన నివేదిక టైపు చేశాడు. ఎనభై రెండు పేజీలు. చివరి పేజీలో సారాంశం అడిగారు. ఆయన లెక్కలన్నీ మరోసారి సరిచూసి, నిదానంగా టైపు చేశాడు:

“మొత్తం విద్యార్థులు: 11,426. తమకు అందిన విద్య వలన జీవితమున ప్రయోజనము సంపూర్ణముగా నెరవేరినట్లు ఆధారములతో రుజువైనవారు: ఒకరు. సదరు విద్యార్థి రికార్డు: ధ్వంసము చేయడమైనది.”